పైకి రాని పేర్లు

మంగళవారం, రాత్రి

పొద్దున ఆఫీసు నుంచే కొత్త హాజరు సాఫ్ట్‌వేర్‌ని గనులన్నిటికీ పంపాను. తేడా మా అన్న పనిచేసే గనిలోనే వచ్చింది. అక్కడ పైకి వచ్చేటప్పుడు కార్డు చూపించే మిషన్ పాతది, దాన్ని నడిపే కొత్త డ్రైవర్ ప్రోగ్రాం దాన్ని గుర్తించడం లేదు. దాంతో దిగినవాళ్లంతా ఇంకా లోపలే ఉన్నట్టు తెరమీద కనిపిస్తున్నారు.

సాయంత్రం ల్యాంపు రూములో, దిగేవాళ్లకు దీపాలిచ్చి పైకొచ్చాక తిరిగి తీసుకునే మల్లయ్య కాక ఫోన్ చేశాడు. "బిడ్డా, ఫస్టు షిఫ్టోళ్లందరు ఇండ్లకు పోయిన్రు. దీపాలన్ని నా దగ్గరనే ఉన్నయ్. నీ కంప్యూటర్ల మాత్రం అందరు లోపట్నే ఉన్నరు." వెనక ఎవరో నవ్వుతున్నారు, నా సాఫ్ట్‌వేర్‌ని చూసే. "ఫికర్ చెయ్యకు. అది గట్లనే చూపిస్తదని అందరికి చెప్పిన."

ఎందుకు చెప్పాలి అలా? పాత డ్రైవర్ రేపు వెళ్లి వేస్తాను, అదేం పెద్ద పని కాదు. కానీ ఎప్పుడైనా నిజంగానే ఒక పేరు లోపల ఉండిపోతే, అప్పుడు కూడా గట్లనే చూపిస్తదని నవ్వి...

అన్న పక్క గదిలో గురక పెడుతున్నాడు. తెరమీద ఇంకా గనిలోనే ఉన్నాడు. ఇందాకే లేచి వెళ్లి చూసొచ్చాను. మళ్లీ వెళ్తున్నాను.