కొత్త గుండెకు సంకేతం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి ఆశీస్సులు.

పరుల గుండె నాలో స్పందించడం మొదలై ఏడాది నిండిన ఈ దినం నాకు రెండవ జన్మదినం.

నిన్న ఆస్పత్రి కాగితంలో ‘గుండె వైఫల్యం’ అన్న సంకేతం, అదే జబ్బుకు వేసే కోడు, చూసి, ఈ గుండె కూడా చెడిందనుకున్నాను. మీ అత్తయ్య పొయ్యి వెలిగించలేదు. ఆ ఆస్పత్రిలో రోగుల కాగితాల మీద జబ్బులకు సంకేతాలు వేసే కొలువు నీదే గనుక నిన్నే అడిగాను.

“అది తీసేసిన గుండె జబ్బు మామయ్యా, దాంతోనే పోయింది. ఇల్లు ఖాళీ చేసినవాడి పేరు తలుపు మీద మిగిలిపోయినట్టు పాత సంకేతం ఉండిపోయింది. డాక్టరుగారిని అడిగి ‘గుండె మార్పిడి జరిగినవారు’ అని మార్పించాను. మీ గుండె భేషుగ్గా ఉంది. ముందు అత్తయ్యని భోంచెయ్యమనండి,” అన్నావు.

ఇద్దరమూ కడుపారా భుజించాము.

ఈ గుండెనిచ్చిన ఇంటి బిడ్డలు నూరేళ్లు వర్ధిల్లుదురు గాక. నా తరువాత ఆ ఆస్పత్రి మంచమెక్కేవారికి నీవంటి ఆడపడుచు అండగా నిలుచు గాక.

ఇట్లు,
మీ మామయ్య