కుర్చీ కసరత్తుకి ఒక దరఖాస్తు

గౌరవనీయులైన పెద్దల కసరత్తు-కబుర్ల సంఘం కార్యదర్శి గారికి,

నాకు ఒంటరితనం వచ్చినందున, రేపటి నుంచి నన్ను మీ కుర్చీ కసరత్తుల క్లాసులో చేర్చుకోవాల్సిందిగా ప్రార్థిస్తున్నాను. నా వయసు డెబ్బై నాలుగు. మా కాలంలో ఒంటరితనం ఉండేది కాదు. ఇప్పుడు ఇంట్లో అందరూ పొద్దున్నే వెళ్ళిపోతారు. సాయంత్రం వాళ్ళొచ్చేసరికి నేను మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంటాను. ఎవరైనా పలకరిస్తే "ఊఁ" అంటాను. మా కాలంలో "ఊఁ" అనేవాళ్ళం కాదు, మాట్లాడేవాళ్ళం. మా కాలంలో గోడలు కూడా తక్కువ.

నేను చాలా మంచివాడిని. సీటు ఇవ్వగలరు.

ఇట్లు మీ విధేయుడైన,
ముసలాయన

తా.క.: జవాబు ఇంటికి పంపకండి. మా స్కూల్ ఎదురుగా జిరాక్స్ షాపు ఆంటీకి ఇవ్వండి. మా స్కూల్ అంటే మా మనవరాలి స్కూల్. ఈ ఉత్తరం మాత్రం తను రాయట్లేదు, నేనే రాస్తున్నా.

*

విధేయుడు గారికి నమస్కారం.

జ్వరం వచ్చి సెలవు అడిగినవాళ్ళని చూశాం గానీ, ఒంటరితనం వచ్చి సీటు అడిగినవాళ్ళని ఇదే చూడటం. సీటుంది. కిటికీ పక్కది, కొంచెం ఊగుతుంది. క్లాసు పదకొండింటికి. కూర్చునే చేతులెత్తడం, కాళ్ళు చాచడం, బంతి విసరడం. ఆ తర్వాత గంటసేపు కబుర్లు. ఆయాసం ఎక్కువగా వచ్చేది కబుర్ల దగ్గరే.

ఒక్క అనుమానం. రేపటి నుంచే కావాలన్నారు, అంత తొందరేమిటి?

ఇట్లు,
సంఘం తరఫున, టైపు మిషను ముందు నుంచి

తా.క.: ఉత్తరంలో "మా కాలంలో" మూడుసార్లు వచ్చింది. మా సభ్యులకి రోజుకి ఒకటే అనుమతి.

*

సార్ గారికి,

తొందర ఎందుకంటే, నెలాఖరుకి మా అమ్మాయి వచ్చి నన్ను తన ఊరు తీసుకెళ్ళిపోతుంది. మా అబ్బాయీ కోడలూ వంటింట్లో మెల్లగా అనుకుంటుంటే మా మనవరాలు విన్నది. ఇక్కడ గోడతో తప్ప ఎవరితో మాట్లాడతారు, అక్కడైతే నలుగురు మనుషులుంటారు అని. పాపం వాళ్ళు మంచికే అనుకుంటున్నారు. కానీ నాకు వెళ్ళాలని లేదు. అంటే, ఉండదనుకుంటున్నా.

మీ క్లాసుకి వస్తున్నానని ఒక కాగితం ఇస్తే మావాళ్ళకి చూపిస్తాను, అప్పుడు పంపరు. నేను రావడం కొంచెం లేటవ్వచ్చు. మొన్నామధ్య మెట్ల మీద కాలు జారినప్పటి నుంచి మా అబ్బాయి గేటు దాటొద్దన్నాడు. అందుకని కాగితం ముందు ఇచ్చేయండి.

విధేయుడైన,
ముసలాయన

తా.క.: అమ్మాయి వచ్చే సంగతి నాకింకా తెలీదు. నేనెక్కడైనా కనబడితే దయచేసి నాతో అనకండి.

*

విధేయుడు గారికి,

రాని మనిషికి కాగితం ఇవ్వం. కానీ దారి ఉంది. ఈ ఆదివారం మా వార్షిక ప్రదర్శన. మీరు చాలా మంచివారని మీరే రాశారు కాబట్టి మిమ్మల్ని ముందు వరసలో వేశాం. కరపత్రాలు కూడా అచ్చయ్యాయి: "డెబ్బై నాలుగేళ్ళ యువకుడి రెండు బంతుల విన్యాసం". మీ ఇంటిల్లిపాదినీ తీసుకురండి. కాగితం వేదిక మీదే ఇస్తాం.

ఇట్లు,
కరపత్రాల కట్టల మధ్య నుంచి, సంఘం

తా.క.: ప్యాంటు వదులుగా ఉండాలి. మరీ వదులు వద్దు. పోయినేడాది అనుభవం ఉంది.

*

సార్,

నా కాలు విరిగినందున ఆదివారం రాలేను. రెండు కాళ్ళూ. చేతులు కూడా కొంచెం. కాగితం ఇక వద్దు, కరపత్రాలు ఎవరికీ పంచకండి.

విధేయుడు

తా.క.: చేయి బాలేదు కాబట్టి ఇది మా మనవరాలితో రాయించాను. ముందువి నేనే రాశా. అక్షరాలు ఒకేలా ఉన్నాయంటే అది మా వంశంలోనే ఉంది.

*

విధేయుడు గారికి,

వార్త విని సంఘం కుప్పకూలింది. శనివారం సాయంత్రం ఇరవై ఇద్దరం మీ ఇంటికి పరామర్శకి వస్తున్నాం. మాలో ఒకావిడ రిటైరైన నర్సు, కట్లన్నీ విప్పి చూస్తానంటోంది.

ఇట్లు,
బయల్దేరడానికి సిద్ధంగా, సంఘం

తా.క.: కుర్చీలు మేమే తెచ్చుకుంటాం.

*

సార్, ప్లీజ్ రావద్దు.

తాతయ్య కాళ్ళు బాగానే ఉన్నాయి. అన్నీ రాసింది నేనే, మనవరాల్ని. నాకు పదిహేనేళ్ళు. నాన్నకి తెలిస్తే ఏమవుతుందో కూడా ఊహించుకోలేను. మా ఇల్లు మీకెలా తెలుసో అడగను, రాకపోతే చాలు.

తాతయ్యకి అన్నీ చెప్పేద్దామని రోజూ ఆయన గది దాకా వెళ్తాను. "తిన్నావా తాతయ్యా" అని అడిగి వచ్చేస్తాను. నాకు మాట్లాడాలంటే భయం. కాగితం మీదైతే వస్తుంది. తాతయ్య వెళ్ళిపోతే నేను స్కూల్ నుంచి వచ్చేసరికి ఇంట్లో లైటు కూడా వేసి ఉండదు. అమ్మావాళ్ళు ఏడింటికి గానీ రారు. నాకు అదొక్కటే ప్రాబ్లం, ఇంకేం లేదు.

సారీ సార్.

తా.క.: ఇంట్లో చెప్పక తప్పదంటే అన్నీ ఒకేసారి చెప్పేయండి. లెక్కల్లో నాకు పదకొండు వచ్చాయి. అది కూడా ఎవరికీ తెలీదు.

*

పిచ్చిమొద్దూ,

ఎవరూ రారు. ఏడవకు. సంఘానికొచ్చే ఉత్తరాలకి జవాబు చెప్పేది నేనే. నేను చెప్తుంటే నర్సమ్మ టైపు కొడుతుంది. ఆవిడకి ఒక్క వేలే పనిచేస్తుంది గానీ తప్పులు దొర్లవు. ఇది మాత్రం నా చేత్తోనే రాస్తున్నా.

కాలు జారిన పదో రోజు నుంచే, మీరంతా వెళ్ళగానే నేనూ గేటు దాటుతున్నాను. సాయంత్రం మంచమెక్కేది ఒంటరితనంతో కాదే, ఒళ్ళు నొప్పులతో. ఆ "ఊఁ" కూడా, మాట్లాడితే ఎక్కడ నోరు జారతానో అని.

నీ మొదటి ఉత్తరం చదివి నవ్వలేక చచ్చాం. రెండోదానికి నవ్వు ఆగిపోయింది. నన్ను పంపించేస్తున్నారని నాకు చెప్పింది నువ్వే. నా ఎదురుగా వచ్చి ఒక్కసారైనా అంటావేమోనని నిన్ను ఆడించాను. నువ్వు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోతుంటే, తలుపు లోపల నేనూ నోరు మూసుకునే ఉన్నాను. పెద్దవాణ్ణి, ఆ తప్పు నాది.

ఇవాళ భోజనాల దగ్గర మీ నాన్నకి చెప్పేస్తాను. నేనెక్కడికీ వెళ్ళను, ఆదివారం ప్రదర్శనకి వచ్చి చూడమని. నాకూ భయంగానే ఉంది. వాడు నా కొడుకే గానీ, కేకలేస్తే అచ్చం మా నాన్నే. నువ్వు నా పక్కన కూర్చో. ఏం మాట్లాడక్కర్లేదు. నేను మధ్యలో ఆగిపోతే మోచేత్తో పొడువు.

ఇట్లు,
పక్క గదిలోంచి, నీ తాతయ్య

తా.క.: ముందు నీ పదకొండు సంగతి తేలనీ. అది విన్నాక, నేను గేటు దూకి వెళ్తున్నానన్నా మీ నాన్న తలెత్తి చూడడు.