ఒకటి, మూడు, నాలుగు, రెండు

ఫిబ్రవరి 3, సోమవారం

గిద్దలూరు నుండి వస్తుండగా బేస్తవారిపేట దాటిన తరువాత కారు మరల వణికింది. రాజ్యలక్ష్మి తలుపు పట్టుకొని కూర్చున్నది. "ఏందండీ ఇది, ఎక్కిళ్ళు వచ్చినట్ల?" — భార్య చేసిన ఉపమానాలలో ఇది మేలైనది. ఎట్లో ఇల్లు చేరినాము.

గురవయ్యను పిలవాలి. తర్లుపాడు రోడ్డులో సొంత మెకానిక్ షెడ్డు పెట్టి రెండు నెలలు కాలేదు. ఎనిమిదవ తరగతిలో నా విద్యార్థి. "సార్ కారు నా చేతిలో ఉందంటే నలుగురూ నమ్ముతారు సార్" అన్నాడు ప్రారంభంనాడు. బోర్డుమీది రెండు అక్షరదోషాలను నేనే దిద్దించాను.

ఫిబ్రవరి 4, మంగళవారం

ఆనందించిన దినము. వివరంగా వ్రాయాలి.

నేను సెల్ఫ్ కొట్టాలి, గురవయ్య వినాలి — ఒప్పందం. ఇంజిన్ నడుస్తుండగా రబ్బరు పిడుల పట్టకారుతో ఒక్కొక్క ప్లగ్ వైరునూ ఊడదీసి మరల పెట్టాడు. ఒకటవది తీయగానే శబ్దం కుంగింది. రెండవది — కుంగింది. మూడవది... ఏ మార్పూ లేదు. నాలుగవది — కుంగింది.

"మూడోది హాజరు పలకడం లేదు సార్."

"ఎనిమిదవ తరగతిలో నీ అంతటి వాడే."

పగలబడి నవ్వాడు.

తరువాత ఒకటవ ప్లగ్‌ను మూడవ చోటికి, మూడవదానిని ఒకటవ చోటికి మార్చాడు. లోపం మూడవ చోటనే ఉన్నది. కనుక ప్లగ్ నిర్దోషి. ఆపై వైర్లను అట్లే తారుమారు చేశాడు. లోపం వైరుతోపాటు ఒకటవ చోటికి నడిచింది. దోషి దొరికాడు! ఒకసారికి ఒకే మార్పు. తీర్పు ఆ తరువాతనే. ఇంత శుభ్రమైన తర్కాన్ని ఈ మధ్య ఏ సభలోనూ వినలేదు.

ప్లగ్‌ను ఇంజిన్ లోహానికి ఆనించి నిప్పురవ్వ చూపించాడు. మంచి వైరుకు నీలిరంగు, టక్‌టక్‌మని. చెడిన వైరుకు ఎర్రగా, నీరసంగా. వంగి చూసి చూసి నడుము పట్టింది. ఫరవాలేదు.

ఫిబ్రవరి 5, బుధవారం

క్రొత్త వైర్లు బిగించాడు. తర్లుపాడు దాకా పోయి వచ్చాము. వణుకు లేదు. రాజ్యలక్ష్మి దారిలో కునుకు తీసింది — అంతకంటె ప్రమాణపత్రం ఏమి కావాలి?

ఫిబ్రవరి 7, శుక్రవారం

బానెట్ లోపల తుడవాలని బుద్ధి పుట్టింది. నాలుగు వైర్లకూ కాగితపు ముక్కలు అంటించి, అవి ఏయే ప్లగ్‌లకు పోతాయో చక్కని దస్తూరితో అంకెలు వేసి, రెండు కొసలూ ఊడదీశాను. ప్లగ్‌లకు నిప్పును పంచే డిస్ట్రిబ్యూటర్ మూత చుట్టూ అవి ఒకటి, మూడు, నాలుగు, రెండు అని ఉండినవి. ఇదేమి క్రమం? తొందరలో గురవయ్య కలగాపులగం చేశాడనుకొన్నాను. దిద్దాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

సెల్ఫ్ కొట్టాను. ఢామ్మని పేలింది! రేకుల మీది పావురాలన్నీ లేచిపోయినవి. మళ్ళీ కొట్టాను — మళ్ళీ పేలుడు. బండి కదలదు.

రాజ్యలక్ష్మి పరుగున వచ్చింది. "ఏంది ఆ పేలుడు?"

"గురవయ్య వైర్లు సరిగా బిగించినట్లు లేదు."

ఎందుకు అన్నానో తెలియదు. కాదు — తెలుసు.

ఫిబ్రవరి 8, శనివారం

నాకు చెప్పకుండా రాజ్యలక్ష్మి ఫోన్ చేసింది. చేతిలోని పని వదలి వచ్చాడు గురవయ్య. బానెట్ ఎత్తాడు. నా అంకెల కాగితాలు అట్లే ఉన్నవి — తీయాలని తోచలేదు! ఒక్కొక్కటిగా ఒలిచి జేబులో వేసుకొన్నాడు. నావైపు చూడలేదు. వసారాలో నిలుచున్న ఆమెతో —

"నాదే పొరపాటమ్మా. వైర్లు అటుదిటు అయినాయి."

ఆమె కాఫీకి లోపలికి పోగానే, వైర్లను మరల పాత వరుసకు బిగిస్తూ గొంతు తగ్గించి: "లోపల ఒకటీ నాలుగూ ఒక జతగా లేస్తాయి, రెండూ మూడూ ఒక జతగా; ఒకే జతోళ్ళు ఒకరెనక ఒకరు తన్నలేరు సార్. అందుకే ఒకటి, మూడు, నాలుగు, రెండు. ఇంజిన్ కట్టినోళ్ళు పెట్టిన వరస అది."

అర్థమైంది. అందమైన ఏర్పాటు. "సరే" అన్నాను. అంతే అన్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

పక్కింటి ప్రసాదరావు, రిటైరైన లెక్కల మాస్టారు, గోడమీదుగా: "మీ శిష్యునికి వైర్లు బిగించేదే రాదంట గదా! రాజ్యలక్ష్మమ్మే చెప్పింది. నా కారు వాని దగ్గరకే తోలుదామనుకొన్నా, వేరే చోట ఇచ్చినా."

దంతధావనం చేస్తున్నాను. నోరు నిండుగా ఉండుట కలిసివచ్చింది.

ఫిబ్రవరి 10, సోమవారం

తర్లుపాడు రోడ్డున పోయాను. షెడ్డు ముందర ఒక్క బండీ లేదు. గురవయ్య లేచి నమస్కారం పెట్టాడు. హారన్ కొట్టి వచ్చేశాను.

ఫిబ్రవరి 11, మంగళవారం

రాజ్యలక్ష్మికి నిజం చెప్పాను. కందిపప్పు ఏరుతున్నది; చేట క్రింద పెట్టింది.

"మరి ఆయబ్బి తనదే తప్పన్నాడే?"

"నా కోసం."

"అయ్యో... నేను ఊరంతా చెప్పినానే!" చేట ప్రక్కకు జరిపింది. "నాకు చెబితే సరిపోదు. ఆ షెడ్డు కాడ, ప్రసాదరావన్న ముందర చెప్పాల."

"చెబుతాను."

"ఎప్పుడు?"

చేట ముందుకు లాగుకొని నేను రాళ్ళు ఏరసాగాను.

"ఇన్నేండ్లు పిల్లోళ్ళతో గుంజీలు తీయించినారు గదా. మీకు అంత పని లేదు, నోరు తెరిస్తే చాలు."

నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది. రెండు దినాలకు అన్నం రుచించింది. పప్పుచారు మారు వడ్డించుకొన్నాను.

ఫిబ్రవరి 12, బుధవారం

కారులో కూర్చొని వ్రాస్తున్నాను. షెడ్డుకు ఎదుట, రోడ్డుకు ఈవల. ప్రసాదరావును అట్లా తిరిగి వద్దామని చెప్పి తెచ్చాను. "ఇక్కడ ఆపినారేంది మాస్టారూ, మళ్ళా పేలిందా?" అని ఎగతాళి చేసి, టీ చెప్పడానికి దిగినాడు.

షెడ్డులో గురవయ్య కాక మరి ఇద్దరున్నారు. ఎవరో తెలియదు. మంచిదే.

వాక్యం సిద్ధంగా ఉన్నది: "వైర్లు మార్చినది నేను, నింద వేసినదీ నేను." కర్త, క్రియ, అన్నీ ఉన్నవి. పలకడమే తరువాయి.

గురవయ్య చూశాడు. గుడ్డతో చేతులు తుడుచుకొంటూ రోడ్డు దాటుతున్నాడు. ప్రసాదరావు రెండు గ్లాసులతో వస్తున్నాడు. "ఏమైంది సార్?" అని గురవయ్య కేక.

ఇంజిన్ ఆపాను. ఆ వాక్యం ఇద్దరికీ వినబడాలి; డైరీ మూస్తున్నాను —