పళ్లెంలోకి తిరిగిపోయిన ఒడిబియ్యం

కామారెడ్డి పట్టణంలో రైసుమిల్లు నడిపే మేడిపల్లి సిద్ధిరాములు భార్యనైన రాజవ్వ అనే నేను, వయస్సు యాభై ఆరేళ్లు, నా తదనంతరం అమలు కావలసిన ఈ వీలునామాను నా ఇష్టపూర్తిగా చెప్పి రాయిస్తున్నాను. ఒంట్లో సత్తువ లేదు గానీ బుద్ధి కుదురుగానే ఉంది. డాక్టరు ఆ మేరకు చీటీ రాసిచ్చారు. కలవారి ఇళ్ల ఆడవాళ్ల బతుకులు చూపించే ‘బంగళా రాణులు’ అనే టీవీ కార్యక్రమంలో నన్ను చూసినవాళ్లకు నా బుద్ధి మీద అనుమానం ఉండవచ్చు. అది వాళ్ల ఖర్మ.

ఆ కార్యక్రమంవాళ్లు నాకు రాజశ్రీ అని పేరు మార్చారు. ఈ దస్తావేజులో గానీ, నా చావు కబురులో గానీ, గోడకు వేసే ఫోటో కింద గానీ ఆ పేరు ఉండకూడదు. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా వకీలు దేవరాజ్ గారిది.

1. నా పేరున ఉన్న ఇల్లు, మిల్లులో నా వాటా నా భర్తకు చెందాలి. ఆయన టీవీలో కనిపించింది ఒక్కసారే, అదీ వీపు మాత్రమే. ఊరంతా నన్ను చూసి నవ్వినప్పుడు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ‘పోనియ్యి రాజవ్వా, రేపటికి ఇంకొకటి దొరుకుతది వాళ్లకు’ అన్నాడు. ఆ రోజు నేను తిండి తిన్నానంటే ఆ మాట వల్లనే.

2. గాంధారి దగ్గరి పొలం, నా బంగారంలో సగం షోరూము నడిపే నా కొడుకు శైలేందర్‌కు, ఆరో క్లాజులోని షరతుకు లోబడి. ఆ షరతు ఎందుకో అక్కడ రాయించాను. చదవకముందే అలగవద్దు.

3. మిగతా సగం బంగారం, నా పట్టుచీరలన్నీ కోడలు శ్రీలతకు. బీరువా తెరిచి, ఇవేనా అని ఆశ్చర్యపోవద్దు. టీవీలో నేను కట్టినవి చాలామట్టుకు హైదరాబాదు దుకాణాల నుంచి అద్దెకు తెచ్చినవి. షూటింగు కాగానే నా ఒంటి వేడి ఆరకముందే మడతపెట్టి పట్టుకుపోయేవారు. నేను ఎక్కి దిగిన తెల్లకారు కూడా మనది కాదు. మిల్లు ఉన్నమాట నిజం. మిగతా సిరి అంతా వాళ్లు వేసిన లైట్లలోనిది.

4. వంటింటి ఈరవ్వకు నా బంగారు గుండ్లపేరు (పైన పంచిన బంగారంలో ఇది కలవదు), బతికినంతకాలం పెరటి గది. కెమెరావాళ్లు ఆమె చేతి వంట తిని, ఆమె కనబడినప్పుడల్లా ఫ్రేములోకి రావద్దని తరిమారు. ఇప్పుడు నాకు వాంతులైతే తల పట్టుకునేది ఆమే. ఈరవ్వ ఆ గుండ్లపేరును ట్రంకుపెట్టెలో దాచుకోకూడదు. మెడలో వేసుకుని ముందు వాకిట్లో కూర్చోవాలి.

5. నిజామాబాదులో నర్సింగు కాలేజీ నడిపే మరియమ్మకు నా నల్ల కళ్లద్దాలు. ఆ కార్యక్రమం ఆమెను గయ్యాళిగా చూపించింది. నా రోగం సంగతి తెలిసిన రోజు ఆస్పత్రిలో నా చేయి పట్టుకుని ప్రార్థన చేసింది ఆ గయ్యాళే. ఆమె నన్ను తిట్టే సీనులో నేను ఆ అద్దాలు పెట్టుకున్నది గర్వంతో కాదు, నవ్వు ఆపుకోలేక. ఆమె కూడా నవ్వు ఆపుకోలేకే అటు తిరిగి తిట్టింది.

6. నా రవికెకు తగిలించి మరిచిపోయిన చిన్న మైకు ఒకటి నా సొరుగులో ఉంది. దాన్ని ఆ ఛానెలుకు తిరిగి పంపాలి. వాళ్లకు నా దగ్గరి నుంచి ఇంకేమీ రావలసింది లేదు. అయినా మొన్న మళ్లీ ఫోన్ చేశారు. నేను మంచంలో ఉండగా, టీవీలో నాతో తిట్టుకున్న నా స్నేహితురాలు సాయిలత వచ్చి నా మీద పడి ఏడవాలట, దాన్ని పండుగ రోజు వేస్తారట. ‘ఒక్క దినమే గదా అమ్మా, మన షోరూముకు పేరొస్తది’ అన్నాడు నా కొడుకు. అన్న తర్వాత తల దించుకున్నాడు కాబట్టే రెండో క్లాజులో పేరు కొట్టేయించలేదు. నా శవం వాకిట్లో ఉండగా ఏ కెమెరా అయినా, ఎవరి ఫోన్ అయినా నా వైపు తిరిగినట్లు రుజువైతే, శైలేందర్‌కు రాసిన పొలం, బంగారం గాంధారి ఆడపిల్లల హాస్టలుకు చెందాలి.

7. ఎల్లారెడ్డిలో ఫంక్షన్ హాలు నడిపే భీమేష్ భార్య సాయిలత సంగతి. టీవీలో చూసిందే నిజమని నా ఇంటివాళ్లు కూడా నమ్ముతున్నారు కాబట్టి వివరంగా రాయిస్తున్నాను.

పెద్దకొడప్‌గల్‌లో మా బాపు ముత్తయ్యకు నేనొక్కదాన్నే. అన్నదమ్ములు లేరు. అమ్మ, బాపు పోయాక నాకు తల్లిగారిల్లే లేకుండా పోయింది. అప్పుడు, ఎల్లారెడ్డి హాస్టల్లో నాతో చదువుకున్న సాయిలత ‘ఏడుస్తవేందే, నేను లేనా’ అని తన ఇంటికి పిలిచింది. పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోసి, కొత్త చీర పెట్టి, తల్లిగారు చేసినట్టే నా ఒడి నింపింది. అప్పటినుంచి ఎల్లారెడ్డే నా తల్లిగారి ఊరు.

టీవీవాళ్లు మా స్నేహం చూసే ఇద్దరినీ తీసుకున్నారు. తీసుకున్నాక, స్నేహాన్ని ఎవరూ చూడరన్నారు. ఒడిబియ్యం తంతు చిత్రీకరిస్తామంటే ఇద్దరం సంబరంగా ఒప్పుకున్నాం. సాయిలత నా ఒడి నింపింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతలో మైకు పలకలేదు, మళ్లీ చేయండి అన్నారు. సాయిలత నా ఒడిలో చేయి పెట్టి ఆ బియ్యాన్ని తిరిగి పళ్లెంలోకి తోడేసింది. ‘జర ఆగు రాజవ్వా, మళ్ల పోస్త’ అన్నది నవ్వుతూ.

నింపిన ఒడిని ఎవరూ ఖాళీ చేయరు. ఆ మూటతోనే అత్తగారింటికి వచ్చి, దేవుని ముందు విప్పి, వండి నలుగురికీ పెట్టాలి. పుట్టింటివాళ్లు దాన్ని తోడేయడమంటే ఇక ఈ గడప తొక్కవద్దని చెప్పడమే. ఆ సంగతి సాయిలతకు తెలియనిది కాదు. కెమెరా ముందు మరిచిపోయింది. నేను పీట మీది నుంచి లేచి వచ్చేశాను.

టీవీలో వచ్చింది వేరు. ఎప్పుడో బట్టల దుకాణంలో ‘గీ చీరెనా?’ అని నేను అన్న మాటను తెచ్చి ఆ పీట దగ్గర అతికించారు. ‘దానికి నేను తప్ప ఎవరున్నరు’ అని సాయిలత ఇంకెక్కడో అన్న మాటను, నేను లేచిపోయాక ఎత్తిపొడిచినట్టు వినిపించారు. నేను చీర కోసం అలిగానని ఆమె నమ్మింది. ఆమె నన్ను దిక్కులేనిదన్నదని నేను నమ్మాను. ఆఖరి ఎపిసోడులో ఎదురెదురు సోఫాల్లో కూర్చోబెడితే, చచ్చిపోయిన తల్లులను కూడా వదలకుండా తిట్టుకున్నాం. కామారెడ్డి బస్టాండులో కాలేజీ పిల్లలు ఆ తిట్లను ఫోన్లో పెట్టి నాకే వినిపించారు.

సాయిలత ఆ మాట ప్రేమతోనే అన్నదని, అప్పుడు పక్కనే ఉన్న మరియమ్మ తర్వాత చెప్పింది. తెలిశాక కూడా నేను ఫోన్ చేయలేదు. మాటలు అతికించినవే కావచ్చు, బియ్యం తోడింది అతికించింది కాదు. తప్పు ఆమెది, ముందు ఆమే రావాలి. వాకిట్లో కారు ఆగిన చప్పుడైతే ఈ రోజుకీ దిండు మీది నుంచి తల ఎత్తుతాను. సాయిలతను చూడాలని ఉంది. పిలవను.

8. ముత్తైదువగా పోయే ఆడదానికి తల్లిగారే చీర తెచ్చి కప్పాలి, చివరిసారి ఒడి నింపి సాగనంపాలి. అందుకని, నా ఊపిరి ఆగిందని తెలియగానే దేవరాజ్ గారు అందరికంటే ముందు ఎల్లారెడ్డికి ఫోన్ చేసి, ఏడో క్లాజు నుంచి చివరిదాకా సాయిలతకు చదివి వినిపించాలి. అంతకుముందు ఒక్క ముక్క కూడా చెప్పకూడదు. ఆమె తెచ్చే చీర ఎంత తక్కువదైనా సరే, అదే కప్పాలి. ఆమె వచ్చేదాకా నన్ను ఎత్తవద్దు. రానని అంటే, తల్లిగారి చీర లేకుండానే తీసుకుపోండి. ఆమె చోటులోకి ఇంకెవరినీ తేవద్దు.

9. దేవుని అల్మారాలో వెనక వరుసలో చిన్న స్టీలు డబ్బా ఉంది. అది సాయిలతకు. ఆ రోజు నేను ఇంటికి వచ్చి చీర విప్పితే, కుచ్చిళ్ల మడతల్లోంచి పసుపు బియ్యపు గింజలు కొన్ని రాలాయి. ఆమె చేతికి అందక మిగిలినవి. ఏరుకుని, వేపాకు వేసి దాచాను. సోఫాలో కూర్చుని తిట్టుకుంటున్నప్పుడు కూడా అవి నా ఇంట్లోనే ఉన్నాయి. ఒడి మొత్తం ఖాళీ కాలేదని ఆమెకు చెప్పాలి. ఆ గింజలను కొత్త బియ్యంలో కలిపి ఆమె తన చేతులతో నా ఒడి నింపాలి.

ఈసారి ఒక్కసారే పోస్తే చాలు. మళ్లీ చేయమని అడిగేవాళ్లు ఎవరూ ఉండరు.

పై సంగతులన్నీ నాకు చదివి వినిపించగా, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

కామారెడ్డి, 14 నవంబరు 2025

(సంతకం) మేడిపల్లి రాజవ్వ

దస్తూరి: దేవరాజ్, వకీలు

సాక్షులు:
1. మైసన్న, మిల్లు హమాలీల మేస్త్రీ
2. అబ్రాహాము, రిటైరైన పంతులు