చెరిపేసిన చుక్కలు

సుశీలా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కాకినాడ కాలేజీలో నీ పేరిట సభ పెట్టారు. వెళ్లి ఒళ్లు మండించుకుని వచ్చాను.

చల్లని చిన్న నక్షత్రాల వెలుగులో లోహాలు కనిపిస్తాయి, హీలియం కనిపించదు. అందుకే మనకు దగ్గరి నక్షత్రాల రంగూ కాంతీ కొలిచి, లోహంతో పాటు హీలియం ఎంత పెరిగిందో నువ్వు అంచనా కట్టావు. బాగా మసకగా ఉన్నవి మాత్రం గ్రాఫులో గీతకు దూరంగా పడేవి. "తప్పు వాటిది కాదు, మన లెక్కది" అంటూ వాటిని ఎవరినీ తియ్యనిచ్చేదానివి కాదు.

ఇవాళ తెర మీద నీ గ్రాఫు నున్నగా ఉంది. చూపించింది నీ శిష్యుడే, ఇప్పుడక్కడ హెడ్డు.

"మిగతా నక్షత్రాలేవయ్యా?" అన్నాను.

"తీసేశామండి మాస్టారూ. మేడమ్‌గారి గ్రాఫ్ ఇప్పుడెంత నీట్‌గా ఉందో చూడండి!"

అందరూ చప్పట్లు! దాన్నే ఫ్రేము కట్టించి, శాలువాతో పాటు నా చేతిలో పెట్టి ఫొటో దిగారు. ఛీ! రాజమండ్రి దాకా బస్సులో ఆ దరిద్రాన్ని ఒళ్లో పెట్టుకుని వచ్చాను.

ఇంటికి రాగానే నీ పాత గ్రాఫు చూసి, వాళ్లు తీసేసిన చుక్కలన్నీ ఫ్రేము అద్దం మీద స్కెచ్ పెన్నుతో పెట్టేశాను. రెండు చుక్కలు పక్కకు పడ్డాయి. నువ్వుంటే తుడిపించి మళ్లీ పెట్టించేదానివి.