అమ్ములు కోయమన్న అతుకు

అనకాపల్లి

లోవరాజు బావా,

నీ కూతురు వెల్డింగు పరీక్ష తప్పిందని, ఆదివారం ఆటో తెచ్చి దాన్ని ఇంటికి తీసుకుపోతానని ఫోనులో అరిచి పెట్టేసేవు. జరిగిందేటో వింటే కదా! అందుకే రాస్తున్నాను.

మన అమ్ములు చేరింది అణు విద్యుత్ కేంద్రాల గొట్టాలు అతికే పని నేర్పే చోట. అమ్ములు వేసిన అతుకుకి ఎక్స్‌రే తీసి, అక్కడి సారు పాసన్నాడు. అమ్ములు ఊరుకుందా? నువ్వు వలని ఎండకి పట్టి చిరుగులు వెతికినట్టే, ఆ ఫిల్ముని వెలుగుకి పట్టి చూసింది. "సార్, ఇక్కడ గాలిబుడగుంది. నా అతుకే, కోసి సూడండి" అంది. కోశారు. సూదిమొనంత బుడగ, ఉండనే ఉంది! పాసన్న మాట కొట్టేసి, సోమవారం మళ్లీ అతకమన్నారు.

ఈ దేశానికి అణు కేంద్రాలు కట్టే సత్తా ఉందా అని ఇరవయ్యేళ్లుగా సభల్లో గొంతు చించుకుంటున్నాను. యంత్రాలంటే పైదేశాల్లో కొంటారు. తన తప్పు తనే పట్టిచ్చే మనిషిని ఏ దేశం అమ్ముతుంది బావా? ఆ సత్తా నా ఇంట్లో కూర్చుని అన్నం తింటోంది. దాన్ని ఆటో ఎక్కిస్తావా?

ఆదివారం తప్పక రా. దానికిష్టమైన నెత్తళ్ల చేపలు తే. వెళ్లేటప్పుడు మాత్రం ఒక్కడివే వెళ్లు.

నీ బావమరిది