కవరులో పంపుతున్న తాళంచెవి

డైరెక్టరు గారికి,

జరిగినది ముందుగా వరుసలో రాస్తున్నాను.

1. మన సంస్థ కాగితాల్లో 'మానసిక ఎదుగుదల తక్కువ' అని రాసి ఉన్న కెప్టెన్ (వయసు ముప్ఫై ఆరు, ఆ పేరు తానే పెట్టుకున్నారు) మంగళవారం బ్రెడ్డు కొనడానికి ఒక్కరే వెళ్లారు. తిరుగు బస్సులో దిగవలసిన స్టాపు దాటిపోయి, గంట ఆలస్యంగా ఇల్లు చేరారు.
2. దారి తానే అడిగి తెలుసుకున్నారు. బ్రెడ్డు కూడా తెచ్చారు.
3. ఆయన ఇంటి తాళంచెవి తీసుకుని పంపమని నాకు మీ ఆదేశం అందింది.
4. నిన్న వెళ్లి అడిగాను.

"ఇది నా ఇల్లేనా అన్నా?" అన్నారు.

"నీదే, కెప్టెన్."

"మరి పోయిన నెల నువ్వూ దారి తప్పావుగా! నీ తాళంచెవి ఎవరు లాక్కున్నారు?"

నిజమే. మన కొత్త ఆఫీసు వెతుకుతూ రెండు గంటలు తిరిగాను. ఎవరూ నన్నేమీ అడగలేదు.

అందుకని ఒక తాళంచెవి ఈ కవరులో పంపుతున్నాను. ఆ ఇంటి తాళంచెవుల్లో ఇన్నాళ్లూ నా దగ్గర ఉన్నది ఇదే. ఆయనది ఆయన జేబులోనే ఉంటుంది. పదకొండేళ్లుగా ఆయన ఇంట్లోకి అడగకుండా వెళ్లినవాణ్ణి నేను. ఈ రోజు మొదటిసారి బెల్లు నొక్కాను.

"ఎవరూ?"

"నేనే."

"కాళ్లు తుడుచుకుని రా."

తుడుచుకునే వెళ్లాను. ఈ ఉత్తరం ఆయన బల్ల మీదే, ఆయన అనుమతితో రాస్తున్నాను.

నన్ను తీసేయదలిస్తే తీసేయండి. నా స్థానంలో వచ్చేవారికి బెల్లు ఎక్కడుందో చూపించి వెళ్తాను. మీ ఆదేశం కింద ఎవరి పేరూ లేదు. నేను మాత్రం నా పేరు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాస్తున్నాను.

ఉదయం 7 గంటల 20 నిమిషాలు.

(పూర్తి పేరుతో సంతకం)
పర్యవేక్షకుడు